కారు ఆపినా లోపలి లైటు ఆరడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

లోపలి లైటు ఆరకపోవడంతో మొదలై, పొద్దున సెల్ఫ్ పట్టకపోవడం దాకా వచ్చే ఈ గొడవలో చాలామంది ముందు మార్చేది బ్యాటరీ. దోషం మాత్రం ఎక్కువసార్లు ఏదో ఒక తలుపు దగ్గర ఉంటుంది. దాన్ని వదిలేసి కొత్త బ్యాటరీ వేసుకుంటే కొన్నాళ్లకే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే కింది జవాబుల్లో తలుపుల గురించే ఎక్కువ రాశాను.

ఇంజిన్ ఆపి, దిగి, తలుపు వేశాను. లైటు ఇంకా వెలుగుతోంది. మెకానిక్‌కి ఫోన్ చేయాలా?

ఒక్క నిమిషం ఆగండి. ఇప్పటి కార్లలో చాలావాటికి తలుపు మూశాక కూడా పది, పదిహేను సెకన్ల నుంచి అర నిమిషం దాకా లైటు వెలిగే ఏర్పాటు ఉంటుంది. చీకట్లో తాళం వేసుకోవడానికి, సీటు బెల్టు పెట్టుకోవడానికి వీలుగా అలా పెట్టారు. రిమోట్‌తో లాక్ చేస్తే వెంటనే ఆరిపోవాలి. లేదా మెల్లగా మసకబారుతూ ఆరాలి. లాక్ చేసి, నిమిషం గడిచినా వెలుగుతూనే ఉంటే అప్పుడు సమస్య ఉన్నట్టు.

హెడ్‌లైట్లు కూడా కొన్ని కార్లలో ఇలాగే దిగాక కాసేపు వెలుగుతాయి. మీరు ఇంటి గుమ్మం దాకా వెళ్లడానికి దారి చూపించడానికే అది. కొత్త కారు కొన్నవాళ్లు దీన్ని చూసి టెన్షన్ పడుతుంటారు. అది రిపేరు కాదు, సౌకర్యం. వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు.

పైకప్పు లైటు దగ్గర స్విచ్ మూడు చోట్ల ఆగుతుంది. ఏది ఎందుకు?

ఒకటి పూర్తిగా ఆన్. తలుపులతో పని లేకుండా వెలుగుతుంది. ఒకటి పూర్తిగా ఆఫ్. మధ్యలోది డోర్, అంటే తలుపు తీస్తే వెలిగి, వేస్తే ఆరేది. పాపం ఎవరూ చెయ్యి పెట్టలేదనే అంటారు కానీ, వెనక సీట్లో పిల్లలున్న ఇంట్లో ఈ స్విచ్ ఎప్పుడూ పెట్టినచోట ఉండదు. ముందు లైటు ఒకటి, వెనక లైటు ఒకటి ఉన్న కార్లలో రెండిటికీ వేరే స్విచ్‌లు ఉంటాయి. సన్‌వైజర్ వెనక అద్దం దగ్గర ఉండే చిన్న లైట్లు, గ్లవ్ బాక్స్ లోపలి లైటు కూడా ఓసారి చూడండి. గ్లవ్ బాక్స్‌లో కాగితాలు కుక్కేస్తే మూత పూర్తిగా పడదు, లోపల లైటు అలాగే వెలుగుతుంటుంది, బయటికి కనిపించదు.

స్విచ్ డోర్ మీదే ఉంది. అన్ని తలుపులూ వేశాను. అయినా ఆరలేదు. ఎందుకు?

మీరు వేశారు. కారుకి తెలియలేదు. సంగతంతా ఇక్కడే ఉంది.

ప్రతి తలుపు దగ్గరా ఒక స్విచ్ ఉంటుంది. తలుపు తెరుచుకుంటే ఆ స్విచ్ లైటు వైరుని కారు బాడీకి, అంటే ఎర్త్‌కి కలుపుతుంది. సర్క్యూట్ పూర్తయి లైటు వెలుగుతుంది. తలుపు పడితే స్విచ్ విడిపోయి లైటు ఆరుతుంది. పాత కార్లలో ఇంతే, మధ్యలో ఇంకేమీ లేదు. కొత్త కార్లలో స్విచ్ నేరుగా లైటుని వెలిగించదు. తలుపు తెరిచి ఉందన్న కబురుని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టెకి పంపిస్తుంది, లైటు సంగతి అది చూసుకుంటుంది. షోరూంలో బీసీఎం అంటారే, అదే.

నాలుగు తలుపులతో పాటు డిక్కీని కూడా లెక్కలోకి తీసుకోండి. హ్యాచ్‌బ్యాక్ కార్లలో డిక్కీ స్విచ్ కూడా చాలావరకు ఈ గొలుసులోనే ఉంటుంది. ఏ ఒక్క స్విచ్ తప్పుడు కబురు పంపినా లోపల లైటు ఆరదు.

ఏ తలుపు దగ్గర తేడా ఉందో ఎలా కనిపెట్టాలి?

డ్యాష్‌బోర్డ్‌లో కారు బొమ్మ వచ్చి ఏ తలుపు తెరిచి ఉందో చూపించే కారైతే మీ పని సగం అయిపోయినట్టే. అన్నిటికీ కలిపి ఒకే ఎర్ర గుర్తు వెలిగే కారైతే కొంచెం ఓపిక కావాలి.

లోపల కూర్చుని, ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి, బయట ఒకరిని నిలబెట్టండి. వాళ్లు ఒక్కో తలుపునీ చేత్తో గట్టిగా లోపలికి నొక్కుతూ కారు చుట్టూ తిరగాలి. ఏ తలుపు నొక్కినప్పుడు లైటు ఒక్క క్షణం ఆరినా, మినుకుమన్నా దొంగ అక్కడే ఉన్నాడు. డిక్కీని పైనుంచి రెండు చేతులతో అదమండి. మనిషి తోడు లేకపోతే ఒక్కో తలుపునీ తెరిచి మళ్లీ గట్టిగా వేస్తూ వెళ్లండి.

తలుపు లాక్‌లో రెండు మెట్లుంటాయన్నది గుర్తుంచుకోండి. నెమ్మదిగా వేస్తే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. లాగితే ఊడిరాదు కాబట్టి పడిందనే అనుకుంటాం, కానీ పూర్తిగా పడలేదు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు దిగేటప్పుడు వెనక తలుపుల దగ్గర జరిగేది ఎక్కువగా ఇదే. పక్క నుంచి చూస్తే ఆ తలుపు అంచు పక్క ప్యానెల్ కంటే కాస్త బయటికి వచ్చి ఉంటుంది. సీటు బెల్టు బకిల్, చున్నీ కొస, కాళ్ల కింద మ్యాట్ అంచు, ఊడి వేలాడుతున్న డోర్ బీడింగ్, ఇవి అడ్డుపడినా అంతే.

ఇంకో ఆనవాలు: కీలెస్ కారు బటన్ నొక్కితే లాక్ అవ్వకుండా బీప్ బీప్ అని మొరాయిస్తుంటే, ఏదో తలుపు తెరిచి ఉందని అది అనుకుంటోంది. లైటు ఆరకపోవడం, లాక్ పడకపోవడం రెండూ కలిసి వస్తే ఇక అనుమానం అక్కర్లేదు, తలుపు స్విచ్చే.

మాది పాత కారు. తలుపు చట్రంలో రబ్బరు టోపీ ఉన్న చిన్న బొడిపె కనిపిస్తోంది. అదేనా స్విచ్?

అదే. మారుతీ 800 కాలం నాటి కార్ల నుంచి నిన్నమొన్నటి చిన్న కార్ల దాకా ఇదే రకం. తలుపు తీసినప్పుడు బొడిపె బయటికి వస్తుంది, లైటు వెలుగుతుంది. తలుపు పడి నొక్కితే లోపలికి పోతుంది, లైటు ఆరుతుంది.

మిగతా తలుపులన్నీ మూసి, అనుమానం ఉన్న తలుపు తెరిచి ఈ బొడిపెని వేలితో పూర్తిగా నొక్కి చూడండి. వేలితో నొక్కితే లైటు ఆరి, తలుపు వేస్తే ఆరడం లేదంటే స్విచ్ బాగానే ఉంది, తలుపు దాన్ని చాలినంత నొక్కడం లేదు. బొడిపెకి తగిలే చోట తలుపు మీద రబ్బరు గుండీ ఉండేది ఊడిపోయి ఉండొచ్చు, రబ్బరు టోపీ చిరిగి ఉండొచ్చు, తలుపు కీళ్ల దగ్గర వాలిపోయి ఉండొచ్చు. పాత తలుపుని తెరిచి కింది నుంచి పైకి ఎత్తి చూస్తే ఎంత లూజుగా ఉందో తెలుస్తుంది.

వేలితో నొక్కినా ఆరలేదంటే స్క్రూ తీసి స్విచ్‌ని బయటికి లాగండి. వెనక సాధారణంగా ఒకే వైరు ఉంటుంది. ఇక్కడొక జాగ్రత్త: స్విచ్ నుంచి వైరు ఊడగానే సర్రున పిల్లర్, అంటే తలుపు పక్కనుండే నిలువు స్తంభం లోపలికి జారిపోతుంది. మళ్లీ దాన్ని బయటికి తీయాలంటే లోపలి ప్లాస్టిక్ ట్రిమ్ విప్పాల్సిందే. అందుకే లాగకముందే వైరుకి టేప్ చుట్టి బాడీకి అంటించండి. వైరు పీకగానే లైటు ఆరితే స్విచ్ పోయినట్టు. అది మార్చేయండి, పెద్ద ఖర్చేమీ కాదు. వైరు పీకినా వెలుగుతూనే ఉంటే దోషం ఇంకో తలుపు దగ్గర ఉంది, లేదా ఆ వైరు లోపలెక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది.

తుప్పు పట్టిన స్విచ్‌ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరాక మళ్లీ బిగించొచ్చు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయితే కడగడంతో సరిపెట్టుకోకుండా కొత్తది వేయడమే మేలు, మళ్లీ తుప్పెక్కడానికి ఎంతో కాలం పట్టదు.

మా కారులో అలాంటి బొడిపె ఎక్కడా లేదు. మరి?

స్విచ్ తలుపు లాక్ లోపలే ఉంటుంది. తలుపు అంచున చూస్తే ఒక గాడి, అందులో తిరిగే ఇనుప నాలుక కనిపిస్తుంది. పిల్లర్ మీద ఉన్న కడ్డీని అది పట్టుకుంటుంది. ఆ నాలుక పూర్తిగా తిరిగిందా లేదా అన్నది లోపలి చిన్న స్విచ్ కనిపెడుతుంది. దుమ్ము, ఎండిపోయి బంకలా మారిన పాత గ్రీజు కలిసి నాలుక చివరి మెట్టు దాకా తిరగకుండా చేస్తాయి. మన రోడ్ల దుమ్ముకి ఇది మామూలే.

పరీక్ష ఇలా చేయండి. తలుపు తెరిచి ఉంచి, స్క్రూడ్రైవర్‌తో ఆ నాలుకని తలుపు పడినప్పుడు తిరిగే దిశలోనే నెట్టండి. టిక్, టిక్ అని రెండు చప్పుళ్లు రావాలి. ఇప్పుడు తలుపు తెరిచే ఉన్నా కారు మాత్రం పడిందనుకుంటుంది, లైటు ఆరాలి. ఆరితే స్విచ్ బాగానే ఉంది, తలుపు సరిగ్గా కూర్చోవడం లేదు. ఆరకపోతే లాక్ లోపలే తేడా.

పరీక్ష అయ్యాక బయటి హ్యాండిల్ లాగి నాలుకని తప్పకుండా విడిపించండి. అది మరిచిపోయి తలుపు ధడేల్‌మని వేశారంటే, మూసుకుని ఉన్న నాలుక వెళ్లి కడ్డీని గుద్దుతుంది. ఉన్న సమస్య పోయి కొత్త సమస్య వస్తుంది.

లైటు ఆరకపోతే వెంటనే లాక్ మార్చేయక్కర్లేదు. ఆ గాడిలోకి డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే బాగా కొట్టి, స్క్రూడ్రైవర్‌తో నాలుకని మూసి, హ్యాండిల్‌తో విడిపించి, ఇలా ఓ ఇరవై సార్లు ఆడించండి. నల్లటి మురికి కారుతుంది, గుడ్డతో తుడవండి. చాలా లాక్‌లు దీంతోనే దారికొస్తాయి. అయితే ఆ స్ప్రే శుభ్రం చేయడానికే, అది ఎక్కువ రోజులు నిలవదు. పని అయ్యాక కొంచెం తెల్ల గ్రీజు పెట్టాలి. అంత చేసినా మార్పు లేకపోతే తలుపు లోపలి ప్యాడ్ విప్పి లాక్ మార్చడమే. చాలా మోడళ్లలో స్విచ్ ఒక్కటే విడిగా అమ్మరు, లాక్ మొత్తం కొనాలి. బొడిపె స్విచ్‌తో పోలిస్తే ఖర్చు గట్టిగానే అవుతుంది, కాబట్టి స్ప్రే విషయంలో బద్ధకించకండి.

వాటర్ వాష్ చేయించిన రోజు నుంచే మొదలైంది. సంబంధం ఉందా?

ఉండొచ్చు. ప్రెషర్ గన్‌తో తలుపు అంచుల్లోకి కొట్టిన నీళ్లు లాక్ స్విచ్‌లోకి, కనెక్టర్‌లోకి పోతాయి. రోజంతా ఎండలో తలుపులు తెరిచి పెడితే (లైటు స్విచ్ ఆఫ్ చేసి) తరచుగా అదే సర్దుకుంటుంది. ప్రతి వానకీ ఇలాగే అవుతుంటే తలుపు అడుగు అంచున ఉండే చిన్న రంధ్రాలు చూడండి. అద్దం మీద నుంచి లోపలికి జారిన నీళ్లు బయటికి పోయే దారి అదే. చెట్టు కింద పెట్టే కార్లలో ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతాయి. తలుపు ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడొస్తే సందేహమే లేదు. పుల్లతో పొడవండి చాలు.

డిక్కీలో లైటు ఆరుతుందో లేదో మూశాక ఎలా తెలుస్తుంది?

ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, డిక్కీ లైటు వైపు పెట్టి, మూత వేయండి. నిమిషం తర్వాత తీసి వీడియో చూడండి. చీకటి పడితే సరే. తాళం చేతిలో ఉంచుకునే ఈ పని చేయండి, ఫోన్‌తో పాటు తాళం కూడా లోపల వదిలేయకండి.

డిక్కీ తలుపు దగ్గర ఇంకో బలహీనత ఉంది. బాడీకి, డిక్కీ తలుపుకి మధ్య ముడతల రబ్బరు గొట్టంలోంచి వైర్లు వెళ్తాయి. తీసిన ప్రతిసారీ అవి వంగుతాయి. కొన్నేళ్లకి పైపూత పగిలి ఒకదానికొకటి తగులుకుంటాయి, లేదా తెగిపోతాయి. డిక్కీ సగం ఎత్తినప్పుడు లైటు ఒకలా, పూర్తిగా ఎత్తినప్పుడు ఇంకోలా ఉంటే, వెనక వైపర్ కూడా అప్పుడప్పుడు పని చేయకపోతే, ఆ రబ్బరు గొట్టం తొడుగు లాగి వైర్లు చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.

రాత్రంతా లైటు వెలిగితే పొద్దున బండి స్టార్ట్ అవ్వదా?

లెక్క వేద్దాం. మామూలు పైకప్పు బల్బు 5 నుంచి 10 వాట్స్. 10 వాట్స్ అనుకున్నా 12 వోల్టుల దగ్గర అది లాగేది 0.8 ఆంప్స్. పది గంటలకి 8 ఆంప్ అవర్స్ (ఆంప్స్‌ని గంటలతో గుణిస్తే వచ్చేది, బ్యాటరీ నిల్వని కొలిచేది దీంతోనే). చిన్న పెట్రోల్ కార్లలో బ్యాటరీ 35 ఆంప్ అవర్స్ రకం ఉంటుంది. అంటే బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే ఒక్క రాత్రికి చావదు, పొద్దున సెల్ఫ్ కాస్త బద్ధకంగా తిరిగినా స్టార్ట్ అవుతుంది. నాలుగైదేళ్ల బ్యాటరీలో నిల్వ సామర్థ్యం సగానికి పడిపోయి ఉంటే మాత్రం ఆ 8 ఆంప్ అవర్సే దెబ్బ కొడతాయి. రెండు రాత్రులు, శని ఆదివారాలు అలాగే వదిలేస్తే కొత్త బ్యాటరీ అయినా కష్టమే.

ఎల్ఈడీ లైటు అయితే వాట్ అటూ ఇటూ. రాత్రికి ఒక ఆంప్ అవర్ కూడా అవ్వదు. అయినా ఎల్ఈడీ ఉన్న కార్లు కూడా పొద్దునకి చచ్చిపడి ఉంటాయి. ఎందుకంటే తలుపు తెరిచి ఉందని కారు అనుకున్నంతసేపూ లోపలి ఎలక్ట్రానిక్స్ నిద్రపోవు. బీసీఎం, మీటర్ బోర్డు, స్టీరియో మేలుకునే ఉండి కరెంటు తాగుతుంటాయి. లైటు తాగేదానికంటే అవి తాగేదే ఎక్కువ కావచ్చు. కాబట్టి బల్బు పీకేసి హమ్మయ్య అనుకోకండి. బల్బు మీకు కబురు చెబుతున్న మనిషి, దాని నోరు నొక్కినంత మాత్రాన తలుపు మూసుకోదు.

కొన్ని కార్లు తలుపు తెరిచి ఉన్నా పది నిమిషాలో, అరగంటో చూసి లైటుని వాటంతటవే ఆర్పేస్తాయి. మీ కారులో అది ఉందో లేదో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది.

బ్యాటరీ మార్చాల్సిందేనన్నారు. నమ్మాలా?

మల్టీమీటర్ పెట్టి మాట్లాడమనండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు దరిదాపుల్లో ఉంటే నిండా చార్జింగ్ ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే కిందికి పోతే ఖాళీ అయిందని అర్థం, పోయిందని కాదు. ముందు పూర్తిగా చార్జ్ చేసి, తర్వాత లోడ్ టెస్ట్, అంటే గట్టిగా కరెంటు లాగితే బ్యాటరీ తట్టుకుంటుందా అని చూసే పరీక్ష చేయించాలి. చార్జ్ చేయకుండానే టెస్ట్ చేస్తే మంచి బ్యాటరీ కూడా ఫెయిల్ అనే చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తున్నట్టే.

నిజంగానే మార్చాల్సి వచ్చినా, తలుపు సంగతి తేల్చుకున్నాకే మార్చండి. బ్యాటరీ అడుగంటా ఖాళీ అయిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత పోతుంది. కొత్తదాన్ని కూడా అదే దోషానికి బలి ఇవ్వడం ఎందుకు?

ఎల్ఈడీ బల్బు వేయించాక కారు లాక్ చేసినా లైటు మిణుకుమిణుకుమంటోంది.

పాత బల్బు వెలగడానికి గట్టి కరెంటు కావాలి, ఎల్ఈడీకి మిల్లీ ఆంప్స్ చాలు. బీసీఎం లోంచో, వెలుగుతూ కనిపించే స్విచ్ లోంచో కారే చిన్న కరెంటు పాత బల్బులో కనిపించేది కాదు, ఎల్ఈడీలో కనిపిస్తుంది. బ్యాటరీకి ముప్పు లేదు. కంటికి చికాకుగా ఉంటే మంచి రకం ఎల్ఈడీ, లేదా రెసిస్టర్ ఉన్న రకం వేయించండి.

క్యాబిన్ లైటు ఆరింది కానీ డ్యాష్‌బోర్డ్, స్టీరియో వెలుగుతూనే ఉన్నాయి.

ఇది తలుపు గొడవ కాదు. పుష్ బటన్ స్టార్ట్ ఉన్న ఆటోమేటిక్ కారైతే ముందు గేర్ చూడండి. పార్క్‌లో పెట్టకుండా బటన్ నొక్కితే చాలా కార్లలో ఇంజిన్ ఆగుతుంది గానీ పవర్ పూర్తిగా ఆఫ్ అవ్వదు, యాక్సెసరీలో ఉండిపోతుంది. పార్క్‌లో వేసి మళ్లీ బటన్ నొక్కండి.

బయట వేయించిన ఆండ్రాయిడ్ స్టీరియో ఆరకపోతే దాని వెనక రెండు వైర్ల సంగతి. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే దానికి, ఎర్ర వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే దానికి కలపాలి. తొందరలో రెండూ ఒకదానికే కలిపేసేవాళ్లున్నారు. పాట వస్తుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు, పొద్దున సెల్ఫ్ పట్టకపోతే ఆ తిట్లు బ్యాటరీ కంపెనీకి. కాళ్ల దగ్గర నీలం లైట్లు, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ లాంటివి బిగించినప్పుడు కూడా ఎక్కడి నుంచి కరెంటు తీశారో అడగండి.

బయట ఏమీ వేయించలేదు, తాళం కూడా తీసేశారు, అయినా మీటర్ బోర్డు వెలుగుతోందంటే ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్ట్‌లు అరిగి అతుక్కుని ఉండొచ్చు, లేదా ఏదో రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్ ఇరుక్కుని ఉండొచ్చు. ఫ్యూజ్ బాక్స్‌లో రిలేల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే ఒకటి టక్కున విడిపోతే, మార్చాల్సింది దాన్నే.

వెనక బ్రేక్ లైట్లు ఆరడం లేదు. అదీ ఇలాంటిదేనా?

లోపలి లైటు కాకపోయినా దీన్ని ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఇది నిజంగా ఒక్క రాత్రిలో బ్యాటరీని పీల్చేస్తుంది. రెండు బ్రేక్ బల్బులూ 21 వాట్స్ చొప్పున 42 వాట్స్, అంటే 3.5 ఆంప్స్. పది గంటలకి 35 ఆంప్ అవర్స్, చిన్న కారు బ్యాటరీ మొత్తం ఖాళీ.

బ్రేక్ పెడల్ పైభాగాన స్విచ్‌ని నొక్కి ఉంచే చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ గుండీ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోతుంది. డ్రైవర్ మ్యాట్ మీద పగిలిన ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే ఊడ్చి పారేయకండి, అవేమిటో చూడండి. గుండీ పోయిన చోట రంధ్రంలోంచి స్విచ్ మొన దూరిపోతుంది, పెడల్ వదిలినా బ్రేక్ నొక్కినట్టే లెక్క. ఆ గుండీ కొత్తది పెడితే సరి. దొరికేదాకా ఆ రంధ్రంలో చిన్న నట్టు, బోల్టు బిగించి బండి నడిపేవాళ్లూ ఉన్నారు, ఇంటికి చేరడానికి చాలు.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి యూరప్ కార్లు కొన్నిటిలో ఇంజిన్ ఆపాక ఇండికేటర్ కాడ ఓ పక్కకి ఉండిపోతే ఆ పక్క పార్కింగ్ లైటు వెలుగుతుంది. కాడని మధ్యకి తెస్తే ఆరిపోతుంది.

అన్నీ చూశాను. లైట్లన్నీ ఆరాయి. అయినా బ్యాటరీ దిగిపోతోంది.

ఇప్పుడు మీటర్ పని. బ్యాటరీ మైనస్ టెర్మినల్‌ని పది నంబరు స్పానర్‌తో విప్పి, మల్టీమీటర్‌ని 10 ఆంప్స్ దగ్గర పెట్టి, ఒక కొస టెర్మినల్‌కి, ఇంకో కొస విప్పిన కేబుల్‌కి కలపాలి. తాళం మీ జేబులోనే ఉండాలి. మొదట కరెంటు ఎక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి. కారు నిద్రపోవడానికి అరగంట ఇవ్వండి. ఆ తర్వాత 50 మిల్లీ ఆంప్స్ లోపు ఉంటే మామూలే. అంతకు మించి ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వెళ్లండి. ఏది పీకితే అంకె దభాల్న పడిపోతుందో తేడా ఆ దారిలో ఉంది. మీటర్ కలిపి ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టకండి, తలుపులు తీయకండి. సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

ఎలకల్ని మరిచిపోవద్దు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, పొలాల పక్కన పెట్టే కార్లలో అవి వైర్ల పైపూత కొరికేస్తాయి. బానెట్ కింద గింజల పొట్టు, దూది, పెంటికలు కనిపిస్తే మీటర్ పక్కన పెట్టి ముందు వైర్లు చూడండి.

ఈ రాత్రికి ఎలాగోలా గడవాలి. ఏం చేయను?

లైటు స్విచ్ ఆఫ్‌లో పెట్టండి. రేపటిదాకా చాలా కార్లకి అది చాలు. అనుమానం తీరకపోతే మైనస్ టెర్మినల్ విప్పేయండి. అంతకుముందే అద్దాలు ఎత్తి, తాళం చేతిలో పట్టుకుని దిగండి. గడియారం, స్టీరియో సెట్టింగ్స్ పోతాయి, కొన్ని కార్లలో ఆటోమేటిక్ అద్దాలకి మళ్లీ నేర్పాలి. స్టీరియో కోడ్ అడిగే కారైతే ఆ కోడ్ మీ దగ్గరుందో లేదో ముందే చూసుకోండి. బ్యాటరీ లేనప్పుడు రిమోట్ పనిచేయదు, రిమోట్ లోపల దాగి ఉండే ఇనుప తాళంతోనే తెరవాలి.

ఫ్యూజ్ పీకుతానంటే, రూమ్ లేదా డోమ్ అని రాసి ఉన్నదాన్ని పీకితే లైటు ఆరుతుంది. కానీ చాలా కార్లలో స్టీరియో మెమరీ, సెంట్రల్ లాక్ లాంటివి కూడా అదే ఫ్యూజ్ మీద నడుస్తాయి. మూత వెనక రాసిన పట్టీ చదివి పీకండి.

పొద్దున నిజంగానే సెల్ఫ్ పట్టలేదు. జంపర్ కేబుల్ ఎలా వేయాలి?

ఎర్ర కేబుల్ ఒక కొస చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి కాదు, ఆ కారు ఇంజిన్ మీద రంగు లేని గట్టి ఇనుప భాగానికి. చివర్లో వచ్చే నిప్పురవ్వ బ్యాటరీకి దూరంగా ఉండాలనే ఇలా. మంచి కారుని కొన్ని నిమిషాలు నడవనిచ్చి సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక తీసేటప్పుడు ఇదే వరసని వెనక నుంచి.

మాన్యువల్ గేర్ కారుని నలుగురు తోసి సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలి స్టార్ట్ చేయొచ్చు. అయితే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే ఫ్యుయల్ పంపు, ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ (ఈసీఎం) కూడా లేవవు, ఎంత తోసినా చెమటే మిగులుతుంది. ఆటోమేటిక్‌ని తోసి ప్రయోజనం లేదు. స్టార్ట్ అయ్యాక వీధి చివరిదాకా వెళ్లి ఆపేయకండి, కనీసం అరగంట, గంట రోడ్డు మీద తిప్పండి.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడి కారులో తలుపులన్నీ బాగానే ఉన్నాయి, లైటు మాత్రం ఆరదు.

షెవర్లే, ఫోర్డ్ మోడళ్లలో చాలావాటికి మీటర్ బోర్డు వెలుతురు పెంచి తగ్గించే చక్రం హెడ్‌లైట్ స్విచ్ పక్కనే ఉంటుంది. దాన్ని పూర్తిగా పైకి తిప్పితే చివర్లో చిన్న క్లిక్ వచ్చి క్యాబిన్ లైట్లన్నీ వెలుగుతాయి. తుడిచేటప్పుడు గుడ్డ తగిలినా తిరిగిపోతుంది. కొంచెం కిందికి తిప్పండి.

నెల రోజులు ఊరెళ్తున్నాం. అన్ని లైట్లూ ఆరితే చాలా?

చాలదు. ఏ తప్పూ లేని కారు కూడా 50 మిల్లీ ఆంప్స్ చొప్పున లాగినా, నెలకి 36 ఆంప్ అవర్స్ అవుతుంది. వేసవి సెలవులకి ఇండియా వచ్చి తిరిగెళ్లినవాళ్లకి ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో ఎదురయ్యేది ఇదే. మైనస్ టెర్మినల్ విప్పి వెళ్లండి, లేదా వారానికోసారి ఎవరితోనైనా అరగంట తిప్పించండి. ఉన్నచోటే స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేయడం వల్ల సెల్ఫ్ వాడిన కరెంటు కూడా సరిగ్గా వెనక్కి రాదు.

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాం. లోపలి లైటు ఒకసారి ఆరుతోంది, ఒకసారి ఆరడం లేదు. కొనొచ్చా?

తలుపు లాక్ ఒక్కటే అయితే ధర తగ్గించుకుని కొనేయొచ్చు. కానీ లైటుతో పాటు అద్దాలు, సెంట్రల్ లాక్, హారన్ కూడా పిచ్చి వేషాలు వేస్తుంటే నీళ్లలో మునిగిన కారేమో చూడండి. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లోనూ, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు ముంపులోనూ బోలెడు కార్లు మునిగాయి. బీసీఎం చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ కింద, డ్రైవర్ కాళ్లకి దగ్గర్లోనే ఉంటుంది. నీళ్లు సీటు ఎత్తుకి వస్తే దానికీ తగులుతాయి. తుప్పు లోపల మెల్లగా పని చేస్తుంది, నెలల తర్వాత బయటపడుతుంది. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, మట్టి మరకలు అక్కడ దాగవు. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్ కింద ముక్క వాసన కూడా చూడండి.

షోరూంకి తీసుకెళ్లాలా, బయట ఎలక్ట్రీషియన్ చాలా?

వారంటీ ఉంటే షోరూంకే. బయట వైరు కత్తిరించి అతికిస్తే తర్వాత క్లెయిమ్ దగ్గర అదే సాకు అవుతుంది. వారంటీ దాటిన కారుకి, బొడిపె స్విచ్, లాక్, బ్రేక్ గుండీ లాంటి పనులకి అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ చాలు. ఏ తలుపో మీరే కనిపెట్టి, ఫలానా ఎడమ వెనక తలుపు లాక్ చూడండి అని చెబితే గంటలో తేలిపోతుంది. బీసీఎం మార్చాలని ఎవరైనా అంటే మాత్రం కారు ఎలక్ట్రానిక్స్‌ని చదివే స్కానర్ పెట్టి ఏ తలుపు తెరిచి ఉన్నట్టు చూపిస్తోందో మీ కళ్ల ముందు చూపించమనండి. తలుపు మూసినా స్కానర్‌లో తెరిచినట్టే వస్తే ముందు మార్చాల్సింది స్విచ్, లేదా చూడాల్సింది దాని వైరు. మూసినట్టు సరిగ్గా చూపిస్తూ, లైటు మాత్రం వెలుగుతుంటే అప్పుడు బీసీఎం మాట ఆలోచించొచ్చు. అప్పుడైనా పైకప్పు లైటు స్విచ్, దాని వైరు చూశాకే.